సిలబస్ అడిగేది ఒకటి, మార్కులు పడేది ఇంకొకదానికి

ఒకే లెక్కకి రెండు జవాబు పేపర్లు. లెక్క మామూలుదే: 30 డిగ్రీల వాలు మీద ఒక దిమ్మని వదిలేశారు, ఘర్షణ గుణకం 0.2, వాలు వెంట 2 మీటర్లు జారాక దాని వేగం ఎంత? మొదటి పేపర్‌లో బొమ్మ లేదు, ఒక్క మాట కూడా లేదు. రెండే లైన్లు: త్వరణం 3.2, వేగం 3.58, కింద రెండు గీతలు. రెండో పేపర్‌లో దిమ్మ బొమ్మ ఉంది, దాని మీద మూడు బాణాలున్నాయి, బరువు కిందికి, తలం తోసే బలం వాలుకి లంబంగా, ఘర్షణ వాలు వెంట పైకి. బరువుని రెండు భాగాలుగా ఎందుకు విడగొట్టాల్సి వచ్చిందో ఒక వాక్యం ఉంది, సమీకరణం కూడా సరిగ్గా ఉంది. కానీ క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణాన్ని కొలిచే ఇంకో యూనిట్) ఉండిపోయింది, దాంతో త్వరణం మైనస్ 9.99 అని వచ్చింది. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో "మైనస్ రాకూడదు, వదిలేసిన దిమ్మ వాలు మీద పైకి ఎక్కదు కదా, ఎక్కడో లెక్క తప్పింది, టైమ్ లేదు" అని రాసి ఉంది.

పది మార్కుల ప్రశ్న. ఎవరికి ఎన్ని?

చాలాచోట్ల మొదటి పేపర్‌కి పదికి పది పడతాయి, జవాబు సరిపోయింది కాబట్టి. రెండోదానికి దిద్దేవాళ్లని బట్టి ఐదో, ఆరో, ఏడో. ఫిజిక్స్ తెలిసినవాళ్లని ఈ ఇద్దరిలో సబ్జెక్టు ఎవరికి బాగా వచ్చింది అని అడిగితే రెండోవాళ్లనే చూపిస్తారు. తనకొచ్చిన జవాబు ప్రకృతిలో జరిగేదేనా కాదా అని ఆగి చూసుకోవడమే ఈ సబ్జెక్టులో అసలు నేర్చుకోవాల్సింది, ఆ పని రెండో పేపర్‌లో కళ్ల ముందే కనిపిస్తోంది. మొదటి పేపర్ రాసినవాళ్లకి అంతా తెలిసే ఉండొచ్చు, ఇలాంటి లెక్కని అలాగే బట్టీ పట్టి కూడా ఉండొచ్చు, పేపర్ చూస్తే ఏదీ తేలదు.

కాలేజీ ఫిజిక్స్ కోర్సుల్లో గ్రేడింగ్ గురించి వచ్చే గొడవల్లో చాలా వరకు ఇక్కడే మొదలవుతాయి. కోర్సు మొదటి రోజు పంచే సిలబస్‌లో అవగాహన, విశ్లేషణ, తార్కిక ఆలోచన అని రాస్తారు, ఆ రాసింది నిజాయితీగానే రాస్తారు. కానీ స్టూడెంట్లకి కోర్సు ఏం కోరుతోందో నిజంగా తెలిసేది మొదటి టెస్ట్ పేపర్ దిద్ది చేతికిచ్చిన రోజున. ఎర్ర సిరా ఎక్కడ పడింది, ఎక్కడ పడలేదు అన్నది చూసుకుని మిగతా సెమిస్టర్ అంతా ఎలా చదవాలో అప్పుడే నిర్ణయించుకుంటారు. దానికి వాళ్లని తప్పు పట్టడానికి ఏమీ లేదు. చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి తెలివైనవాళ్లు ఎవరైనా చేసేది అదే.

ఈ విషయాన్ని పట్టించుకుని పరిశోధన చేసినవాళ్లున్నారు. అమెరికాలో చార్లెస్ హెండర్సన్, ఎడిట్ యెరుషల్మి, ఇంకొందరు కలిసి ఫిజిక్స్ లెక్చరర్లకి స్టూడెంట్లు చేసినట్టున్న పరిష్కారాలు ఇచ్చి దిద్దమన్నారు, ఎందుకలా దిద్దారో కూర్చోబెట్టి అడిగారు, 2004లో ఆ ఫలితాలు ప్రచురించారు. స్టూడెంట్లు తమ ఆలోచన పేపర్ మీద పెట్టాలని లెక్చరర్లు బలంగా కోరుకుంటారు. అదే సమయంలో, తప్పని రుజువు కానిదానికి మార్కులు కొయ్యడానికి చెయ్యి రాదు. పైగా స్టూడెంట్ రాసింది అస్పష్టంగా ఉంటే, ఆ ఖాళీని తమకు తెలిసిన సరైన ఆలోచనతో తామే నింపేసుకుని "ఇలా అనుకునే ఉంటారులే" అని ముందుకెళ్లిపోతారు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుంది? తక్కువ రాసినవాళ్లకి అనుమానం లాభంగా మారుతుంది, విప్పి రాసినవాళ్ల తప్పు మాత్రం బయటపడి మార్కు పోతుంది. అంటే ఆలోచన రాయండి అని నోటితో చెబుతూ, రాయకపోవడమే క్షేమం అని మార్కులతో నేర్పుతున్నట్టు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, స్టూడెంట్ మీద దయతో చేసే పనే ఇది. అందుకే దీన్ని సరిచేయడం ఇంత కష్టంగా ఉంటోంది.

స్టూడెంట్ల వైపు నుంచి చూస్తే, ఫిజిక్స్ అంటే ఏమిటి అన్న దాని మీద ప్రతివాళ్లూ ఒక అభిప్రాయంతోనే క్లాసుకొస్తారు. కొందరికి అది ఫార్ములాల పట్టిక, లెక్క చేయడమంటే సరైన ఫార్ములా వెతికి అంకెలు వేయడం. ఇంకొందరికి అది నాలుగైదు సూత్రాల నుంచి మిగతావన్నీ బయటికి లాగే పద్ధతి. మేరీలాండ్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ రెడిష్ బృందం ఈ అంచనాలని కొలవడానికి 34 వాక్యాల సర్వే ఒకటి తయారు చేసింది, 1998లో దాని ఫలితాలు వచ్చాయి. కోర్సు మొదట్లో ఒకసారి, మొదటి సెమిస్టర్ అయ్యాక ఒకసారి అవే వాక్యాలు ఇచ్చి ఒప్పుకుంటారా లేదా అని అడిగారు. ఒక సెమిస్టర్ ఫిజిక్స్ చదివాక స్టూడెంట్ల ఆలోచన ఫిజిక్స్ నిపుణుల ఆలోచనకి దగ్గరవాలి కదా, చాలా కోర్సుల్లో అది ఇంకా దూరమైంది. ఫిజిక్స్ గురించి నిపుణులు ఒప్పుకోని నమ్మకాలు కోర్సు అయ్యేసరికి పెరిగాయి. క్లాసులో ఎవరూ అలా చెప్పి ఉండరు. మరి ఎక్కడ నేర్చుకున్నారు అంటే, హోంవర్కుల్లోనూ పరీక్షల్లోనూ ఏది చేస్తే పని జరిగిపోతుందో చూసి నేర్చుకున్నారు అనుకోవడం తప్ప వేరే మంచి వివరణ కనపడదు.

మార్కులు రావడం, అర్థం కావడం ఒకటి కాదన్నదానికి సాక్ష్యాలు బోలెడున్నాయి. డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అని ఒక ప్రశ్నపత్రం తెచ్చారు. అందులో ఫార్ములాలుండవు, అంకెల లెక్కలుండవు, అన్నీ మామూలు మాటల్లో అడిగినవే. పెద్ద ట్రక్కు, చిన్న కారు గుద్దుకుంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపిస్తుంది? లిఫ్ట్ స్థిర వేగంతో పైకి వెళుతుంటే కేబుల్ లాగే బలం బరువు కంటే ఎక్కువా, సమానమా? మొదటిదానికి రెండూ సమానం, రెండోదానికీ సమానమే. న్యూటన్ మూడో సూత్రాన్ని అక్షరం పొల్లు పోకుండా రాసినవాళ్లు కూడా ట్రక్కుదే ఎక్కువ అని పెట్టడం మామూలు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఇదే ప్రశ్నపత్రం తన క్లాసులో ఇస్తే, ఒక స్టూడెంట్ లేచి "మీరు చెప్పినదాని ప్రకారం రాయాలా, మామూలుగా మేం అనుకునేదాని ప్రకారమా" అని అడిగినట్టు ఆయనే చాలాసార్లు చెప్పారు. ఒకే తలలో రెండు ఫిజిక్స్‌లు ఉన్నాయని, పరీక్షకి ఒకటీ లోకానికి ఒకటీ అని, అంత సూటిగా ఒప్పుకోవడం అరుదు.

లెక్కలు ఎక్కువ చేయిస్తే సరిపోతుందనే వాదన ఒకటి ఎప్పుడూ వినపడుతుంది. దక్షిణ కొరియాలో కిమ్, పాక్ అనే ఇద్దరు 2002లో దీన్నే పరీక్షించారు. యూనివర్సిటీలో చేరడానికి ముందు ఒక్కొక్కరు 300 నుంచి 2900 దాకా లెక్కలు చేసి వచ్చిన 27 మందిని పట్టుకుని బేసిక్ కాన్సెప్ట్ ప్రశ్నలు వేశారు. చాలామందికి ఇబ్బందులు అలాగే ఉన్నాయి, పైగా చేసిన లెక్కల సంఖ్యకీ అర్థమైనదానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు. లెక్కలు చేయడం దండగ అని దీని అర్థం కాదు, లెక్క చేసేటప్పుడు ఏం ఆలోచిస్తున్నారన్నది లెక్కల సంఖ్యలో కనపడదు, అంతే. మిషెలిన్ చి, ఆమె సహచరులు 1981లో చూపించింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. కొత్తగా చదివేవాళ్లు లెక్కల్ని "ఇది వాలు లెక్క, ఇది స్ప్రింగ్ లెక్క" అని పైకి కనిపించే వస్తువుని బట్టి గుంపులు చేస్తారు, ఆరితేరినవాళ్లు "ఇది శక్తి నిత్యత్వం, ఇది న్యూటన్ రెండో సూత్రం" అని లోపలున్న సూత్రాన్ని బట్టి చేస్తారు. పరీక్షలో ఎప్పుడూ పాఠంలో ఉన్న వాలే, పాఠంలో ఉన్న స్ప్రింగే అంకెలు మార్చి వస్తుంటే, మొదటి పద్ధతితోనే 'A' గ్రేడ్ వచ్చేస్తుంది. రెండో పద్ధతికి మారాల్సిన అవసరమే పడదు.

ఇక అంకెల సంగతి. ఫిజిక్స్ పేపర్లలో క్లాసు సగటు నలభైల్లో ఉండటం చాలా కోర్సుల్లో మామూలే, దాన్ని చూసి కొత్తవాళ్లు బెంబేలెత్తిపోతారు. కారణం ఏమిటో లెక్క వేస్తే భయం కొంత తగ్గుతుంది. ఒక ప్రశ్నలో వరసగా ఐదు మెట్లున్నాయి అనుకుందాం, బొమ్మ, సూత్రం ఎంపిక, సమీకరణం, బీజగణితం, అంకెలు. ప్రతి మెట్టూ సరిగ్గా చేసే అవకాశం 85 శాతం ఉన్న మంచి స్టూడెంట్ కూడా ఐదూ తప్పు లేకుండా దాటే అవకాశం 44 శాతమే. 0.85ని ఐదుసార్లు గుణిస్తే వచ్చేది అదే. తుది జవాబుకే మార్కులు అంటే ఆ స్టూడెంట్‌కి నలభై నాలుగు వస్తాయి, మెట్టు మెట్టుకీ మార్కులు అంటే ఎనభై ఐదు దగ్గరకొస్తాయి. మనిషి ఒకరే, తెలివి ఒకటే, దిద్దే పద్ధతి ఒక్కటే మారింది. స్టెప్ మార్కులు దయ కాదు, కొలతలో కచ్చితత్వం. ముందు మెట్టులో చేసిన తప్పు వల్ల తర్వాతి అంకెలు తప్పితే మళ్లీ మళ్లీ కొయ్యకూడదన్న నియమం కూడా ఇందుకే.

సగటు తక్కువ వచ్చినప్పుడు చాలామంది పట్టుకునే దారి కర్వ్. అంటే వచ్చిన మార్కుని బట్టి కాక, క్లాసులో ఎన్నో స్థానంలో ఉన్నారో చూసి గ్రేడ్ ఇవ్వడం. పేపర్ కష్టంగా పడితే కర్వ్ అందరినీ కాపాడుతుంది, అది నిజం. కానీ దాని ఖరీదు వేరే చోట పడుతుంది. పై గ్రేడ్లు ఇంతమందికే అని ముందే ఖాయమైతే, పక్కవాళ్లకి లెక్క విడమర్చి చెప్పడం తన గ్రేడ్‌కే ఎసరు పెట్టుకున్నట్టు అవుతుంది. క్లాసులో స్టూడెంట్లు ఒకరితో ఒకరు వాదించుకుని నేర్చుకునే పద్ధతులు బాగా పనిచేస్తాయని గట్టి ఆధారాలున్నాయి. రిచర్డ్ హేక్ 1998లో 62 కోర్సుల్లో 6500 మందికి పైగా స్టూడెంట్ల ఫలితాలు పోల్చాడు. మొదట్లో తెలియనిదాంట్లో ఎంత భాగం కోర్సు అయ్యేసరికి తెలిసింది అని చూస్తే, ఉపన్యాసాల కోర్సుల్లో అది సగటున 23 శాతం, చర్చలతో నడిచినవాటిలో 48 శాతం. ఒకవైపు కలిసి నేర్చుకోండి అని చెప్పి ఇంకోవైపు కర్వ్ పెట్టడం అంటే ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమే. పేపర్ మరీ కష్టమైతే అందరికీ కొన్ని మార్కులు కలపడం, లేదా గ్రేడ్ గీతలు కిందికి జరపడం మేలు. అందులో ఎవరి లాభమూ ఇంకొకరి నష్టం మీద ఆధారపడదు.

దీనికంటే తక్కువ మంది గమనించేది ఇంకొకటుంది, వెయిటేజీ. హోంవర్క్‌కి 20, ల్యాబ్‌కి 20, ఫైనల్‌కి 60 అని సిలబస్‌లో రాసి ఉంటుంది, చూస్తే నలభై మార్కులు ఏడాది పొడుగునా చేసిన పనికే అనిపిస్తుంది. కానీ హోంవర్క్‌లో దాదాపు అందరికీ 18 నుంచి 20 మధ్యే వచ్చి, ల్యాబ్‌లో 17 నుంచి 20 మధ్యే వచ్చి, ఫైనల్‌లో 15 నుంచి 55 దాకా చెల్లాచెదురుగా వస్తే? ఇద్దరు స్టూడెంట్ల మధ్య తేడా హోంవర్క్ వల్ల మహా అయితే రెండు మార్కులు, ల్యాబ్ వల్ల మూడు, ఫైనల్ వల్ల నలభై. కాగితం మీద అరవై శాతమే అయినా, ఎవరు ఏ స్థానంలో నిలుస్తారన్నది దాదాపు మొత్తం ఫైనలే తేలుస్తోంది. ఏ భాగానికి నిజంగా ఎంత బరువుందో తెలియాలంటే దాని పక్కన రాసిన శాతం కాదు, అందులో మార్కులు ఎంత విడిపోయాయో చూడాలి. స్టూడెంట్లు ఇది ఎవరూ చెప్పకుండానే పసిగడతారు, హోంవర్క్ ఎక్కడినుంచో దించేసి ఫైనల్‌కి ముందు రెండు వారాలు నిద్ర మానేస్తారు. ఇక సున్నా దెబ్బ వేరే. పది అసైన్‌మెంట్లలో తొమ్మిదింటికి 90 వచ్చి ఒకటి ఇవ్వడం మర్చిపోతే సగటు 81కి పడిపోతుంది. ఆ తొమ్మిది మార్కులూ ఫిజిక్స్ రాకపోయినందుకు పోలేదు, అందుకే చాలా కోర్సుల్లో అన్నిటికంటే తక్కువ వచ్చిన ఒక అసైన్‌మెంట్‌ని లెక్కలోంచి తీసేస్తారు.

ల్యాబ్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కోర్సు కోరేదానికీ మార్కు పడేదానికీ మధ్య ఎడం అక్కడ ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదు. లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగం తీసుకుందాం. మీటరు పొడవున్న దారానికి గుండు కట్టి ఊపితే ఒక ఊపుకి దాదాపు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో మనిషి చెయ్యి 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుంది అనుకుందాం. ఒక్క ఊపే కొలిస్తే ఆ కాలంలో పది శాతం తప్పు, గురుత్వ త్వరణంలో అది రెండింతలై ఇరవై శాతం అవుతుంది, అంటే జవాబు 8 దగ్గర రావచ్చు, 12 దగ్గరా రావచ్చు. అదే 20 ఊపులు కలిపి కొలిచి భాగిస్తే ఆ 0.2 ఇరవై ముక్కలై, ఊపుకి 0.01 సెకనే మిగులుతుంది, జవాబులో తప్పు ఒక శాతానికి దిగుతుంది, అంటే 0.1. ఎన్ని ఊపులు కొలవాలి, ఎందుకు అన్నదే ఈ ప్రయోగంలో ఉన్న ఫిజిక్స్. 9.7 వచ్చినా 9.9 వచ్చినా ఈ పరికరంతో అది మంచి కొలతే.

కానీ రికార్డులో పుస్తకంలో ఉండే విలువ 9.81కి ఎంత దగ్గరగా వస్తే అన్ని మార్కులు అని ఒకసారి తెలిశాక, ఏం జరుగుతుందో ల్యాబ్‌లో నిలబడ్డ ప్రతివాళ్లకీ తెలుసు. రీడింగులు వెనకనుంచి ముందుకి తయారవుతాయి. ముందు జవాబు, దాన్నుంచి కాలం, దాన్నుంచి టేబుల్, మరీ అచ్చు గుద్దినట్టు ఉండకూడదని అక్కడక్కడా ఓ అంకె అటూ ఇటూ. కొలవడం నేర్పాల్సిన గదిలో కొలతని తయారు చేయడం నేర్పుతున్నాం, ఇది నిజంగా బాధపడాల్సిన సంగతి. నటాషా హోమ్స్, కార్ల్ వీమన్ 2018లో రాసినదాని ప్రకారం, పాఠంలో చెప్పినదాన్ని బలపరచడానికే పెట్టే ల్యాబ్‌ల వల్ల పరీక్షల్లో కొలవగలిగినంత లాభమేమీ కనపడలేదు. మార్కు పడాల్సింది 9.81కి కాదు. తప్పు ఎంత ఉండొచ్చో ముందే అంచనా వేశారా, వచ్చిన తేడా ఆ అంచనాలో ఇమిడిందా, ఇమడకపోతే తర్వాత ఏం చేశారు అన్నదానికి. ఇలా దిద్దితే 9.4 వచ్చి, దారం పొడవు గుండు మధ్య దాకా కాకుండా పైఅంచు దాకానే కొలిచామని కనిపెట్టి మళ్లీ కొలిచిన రికార్డుకి అందరికంటే ఎక్కువ పడతాయి. కల్పించడానికి కారణమే మిగలదు.

దిద్దేవాళ్లని బట్టి మార్కులు మారతాయన్న ఫిర్యాదు కూడా కొత్తది కాదు. స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు 1913లోనే ఒకే ఒక్క జామెట్రీ పేపర్‌ని వందకు పైగా టీచర్లతో దిద్దిస్తే 30 లోపు నుంచి 90 పైదాకా వచ్చాయి. లెక్కల్లో అయితే జవాబు ఒక్కటే కదా, తేడా ఎందుకొస్తుంది అనుకునేవాళ్లకి ఇది ఊహించనిది. బొమ్మకి ఎంత, యూనిట్ రాయకపోతే ఎంత పోవాలి, ఇంకో దారిలో చేస్తే ఏం చేయాలి అన్నవి ముందే రాసుకుని అందరూ అదే పట్టుకుంటే ఈ చెదరడం చాలా తగ్గుతుంది. దిద్దడానికి మాత్రమే వాడి దాచేసుకుంటే సగం ప్రయోజనం పోతుంది, ఆ కాగితం పరీక్షకి ముందే స్టూడెంట్ల చేతికి రావాలి. ఏది పోతే ఎంత పోతుందో తెలిస్తే కోర్సు ఏం కోరుతోందో ఉపన్యాసం ఇవ్వకుండానే తెలుస్తుంది. అలాంటి కాగితం ఇవ్వని కోర్సులో పోయినేడాది దిద్దిన పేపర్లు ఒకటి రెండు చూపించమని అడగడం స్టూడెంట్ల హక్కు, అడిగితే తప్పుగా అనుకునేవాళ్లు తక్కువే.

దిద్దిన తర్వాత సంగతి ఇంకొకటుంది. రూత్ బట్లర్ 1988లో స్కూల్ పిల్లల మీద చేసిన అధ్యయనంలో, మార్కులు లేకుండా వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు, మార్కులూ వ్యాఖ్యలూ కలిపి అందుకున్నవాళ్లకి ఆ లాభం రాలేదు. అంకె కనపడగానే కన్ను దాని మీదే ఆగిపోతుంది, పక్కన రాసింది చదవరు. ఫిజిక్స్‌లో దీనికి ఒక చిన్న ఉపాయం కొందరు వాడతారు. పేపర్ ముందు మార్కు లేకుండా, తప్పున్న చోట గీత మాత్రమే పెట్టి ఇస్తారు, ఎందుకు తప్పో స్టూడెంట్ రాసి తెచ్చాక పోయిన మార్కుల్లో కొంత వెనక్కి వేస్తారు. పని ఎక్కువే, పెద్ద క్లాసుల్లో ప్రతి పేపర్‌కీ కుదరదు, సెమిస్టర్‌లో మొదటి టెస్ట్‌కైనా చేస్తే చాలు. అందరూ కోర్సు ఎలాంటిదో తేల్చుకునేది ఆ పేపర్ చూశాకే.

మళ్లీ ఆ రెండు పేపర్ల దగ్గరకొస్తే, పది మార్కుల్ని ఇలా పంచవచ్చు. బలాల బొమ్మకి 2, సూత్రం ఏదో ఎందుకో చెప్పినందుకు 2, సమీకరణానికి 3, అంకెలకి 1, వచ్చిన జవాబు నమ్మదగ్గదేనా అని చూసుకున్నందుకు 2. ఈ లెక్కన మొదటి పేపర్‌కి అంకెల మార్కు 1 వస్తుంది, రాయకపోయినా త్వరణం సరిగ్గా వచ్చింది కాబట్టి సమీకరణం మార్కులు 3 ఇవ్వచ్చు, మొత్తం 4. రెండో పేపర్‌కి రేడియన్ల వల్ల అంకెల మార్కు 1 పోతుంది, మార్జిన్‌లో రాసుకున్న ఆ ఒక్క వాక్యానికి 2 మార్కులూ పడతాయి, మొత్తం 9. అయితే ఈ పంపకం పరీక్ష రోజు ప్రశ్న పక్కనే అచ్చయి ఉండాలి. లేకపోతే మొదటి పేపర్ రాసినవాళ్లకి అన్యాయం చేసినట్టే, ఏం అడుగుతున్నారో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.